ఉపసభాపతి పదవి అడిగి గెలుచుకోవలసినది

సంపాదకులకు నమస్కారాలు.

నేను విజయనగరం జిల్లాలోని ఉన్నత పాఠశాలల్లో ముప్పై ఏళ్లకు పైగా సాంఘికశాస్త్రం బోధించి పదవీ విరమణ చేసినవాణ్ణి. శాసనసభ ఉపసభాపతి ఎన్నిక జరిగే తీరు గురించి మీ పత్రిక ద్వారా పాఠకులకూ, ముఖ్యంగా శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల శాసనసభ్యులకూ ఒక మాట విన్నవించుకోవాలని ఈ లేఖ రాస్తున్నాను. ఆ కుర్చీలో ఎవరు కూర్చున్నారన్న దానిపై నాకు ఏ అభ్యంతరమూ లేదు. సభ్యులు ఎన్నుకోవాలని రాజ్యాంగం చెప్పిన పదవి మన దగ్గర పార్టీ పెద్దలు ఖరారు చేసి పంపే పదవిగా మారిపోయిందన్నదే నా బాధ. ఆ బాధ్యత కావాలనుకున్న సభ్యుడు లేచి నిలబడి, తానెందుకు తగినవాడో చెప్పి, తోటి సభ్యులను ఓటు అడగాలి. వాళ్లు విని, ఎవరి ఒత్తిడీ లేకుండా ఓటు వేయాలి. నేను కోరేది ఇంతే.

ఈ ఆలోచన నాలో బలపడిన రోజు బాగా గుర్తుంది. 2022 సెప్టెంబరు 19న విజయనగరం శాసనసభ్యులు కోలగట్ల వీరభద్రస్వామి గారు ఉపసభాపతిగా ఏకగ్రీవంగా ఎన్నికయ్యారు. అంతకు మూడేళ్ల ముందు నుంచే ఆమదాలవలస శాసనసభ్యులు తమ్మినేని సీతారాం గారు సభాపతిగా ఉన్నారు. మన ప్రాంతానికి సభాపతి స్థానం అప్పటికే కొత్త కాదు. ఆంధ్ర రాష్ట్రం ఉన్న రోజుల్లో టెక్కలి ప్రాంతపు రొక్కం లక్ష్మీనరసింహం దొర గారు, తర్వాత శ్రీకాకుళం నుంచి తంగి సత్యనారాయణ గారు ఆ కుర్చీలో కూర్చున్నారు. 1999లో కావలి ప్రతిభా భారతి గారు ఆ స్థానానికి ఎన్నికైన తొలి మహిళ అయ్యారు. అయితే రెండు కుర్చీలూ ఒకేసారి ఈ రెండు జిల్లాలకు రావడం సామాన్యమైన విషయం కాదు. ఆ సాయంత్రం గంటస్తంభం దగ్గర టీ తాగుతూ నేనూ సంతోషంగానే ఆ మాట అన్నాను. పక్కనే తోపుడుబండి మీద బత్తాయిలు అమ్ముకునే పెద్దాయన ఒకరు నా మాట విని, "ఏటి మాస్టారూ, ఏకగ్రీవమంటే ఎవులూ అడగనేదనా, ఎవుల్నీ అడగనివ్వనేదనా?" అని అడిగారు. ఒక్క నామినేషనే వచ్చిందని చెప్పాను. "అదే అడుగుతన్నాను, ఒకటే ఎందుకొచ్చినాది?" అన్నారాయన. రాజ్యాంగంలోని అధికరణాలను పిల్లలచేత వల్లె వేయించిన నాకు ఆ ప్రశ్నకు జవాబు దొరకలేదు.

రాజ్యాంగం 178వ అధికరణం ప్రకారం ప్రతి రాష్ట్ర శాసనసభా వీలైనంత త్వరగా తన సభ్యులలో ఇద్దరిని సభాపతిగానూ, ఉపసభాపతిగానూ ఎన్నుకోవాలి. ఎన్నుకోవలసింది సభ. ముఖ్యమంత్రి గానీ, శాసనసభాపక్షం గానీ, పార్టీ అధిష్ఠానం గానీ కాదు. 2014 నుంచి మన రాష్ట్రంలో ఏర్పడిన మూడు శాసనసభలనూ తీసుకుంటే, సభాపతి కోడెల శివప్రసాదరావు గారు, ఉపసభాపతి మండలి బుద్ధప్రసాద్ గారు ఒకే పార్టీ వారు. తమ్మినేని సీతారాం గారు, ఆయన హయాంలో వరుసగా ఉపసభాపతులైన కోన రఘుపతి గారు, కోలగట్ల గారు ఒకే పార్టీ వారు. చింతకాయల అయ్యన్నపాత్రుడు గారు, కనుమూరు రఘురామకృష్ణరాజు గారు కూడా ఒకే పార్టీ వారు. మూడు ప్రభుత్వాలు వచ్చాయి, పద్ధతి మాత్రం మారలేదు. కనుక దీన్ని ఏ ఒక్క పార్టీ తప్పుగానో చూపించడం నా ఉద్దేశం కాదు. 'వీలైనంత త్వరగా' అన్న మాటకు కూడా మనం స్థిరమైన అర్థం ఇవ్వలేదు. 2019లో సభాపతి ఎన్నికైన అయిదు రోజులకే ఉపసభాపతి వచ్చారు. 2024లో సభాపతి జూన్ 22న ఎన్నికైతే, ఉపసభాపతి నవంబరు 14న ఎన్నికయ్యారు. ఇక 2019 నుంచి 2024 వరకూ సాగిన 17వ లోక్‌సభ అయితే తన పదవీకాలమంతా ఉపసభాపతి లేకుండానే గడిపేసింది.

సభాపతి కాసేపు లేచి బయటకు వెళ్లినప్పుడు ఆ కుర్చీలో కూర్చునేవారే ఉపసభాపతి అన్న అభిప్రాయం మనవాళ్లలో పాతుకుపోయింది. మంత్రి పదవి రానివారికి సర్దుబాటుగా ఇచ్చేదనీ, జిల్లాల లెక్కా, కులాల లెక్కా సరిచూసుకోవడానికి పనికొచ్చేదనీ చదువుకున్నవాళ్లు కూడా అనుకుంటున్నారు. రాజ్యాంగం మాత్రం అలా అనుకోలేదు. సభాపతి రాజీనామా చేయదలచుకుంటే ఆ లేఖ ఎవరికి రాయాలో 179వ అధికరణంలో ఉంది. గవర్నరుకూ కాదు, ముఖ్యమంత్రికీ కాదు, ఉపసభాపతికే రాయాలి. ఉపసభాపతి రాజీనామా లేఖ సభాపతికి వెళుతుంది. ఇద్దరిలో ఎవరిని తొలగించాలన్నా పద్నాలుగు రోజుల ముందు నోటీసు ఇచ్చి, అప్పటికి సభలో ఉన్న మొత్తం సభ్యులలో ఎక్కువమంది ఆమోదించవలసిందే. సభాపతి స్థానం ఖాళీ అయితే ఆ విధులన్నీ ఉపసభాపతివే. ఓట్లు సమానమైనప్పుడు నిర్ణాయక ఓటు అధ్యక్ష స్థానంలో ఉన్నవారిది.

ఇదంతా పుస్తకంలో ఉన్న మాటే కదా అనుకునేవారికి మన తెలుగువారి అనుభవాలే మూడు చెబుతాను. 1956లో తొలి లోక్‌సభాపతి మావలంకర్ గారు పదవిలో ఉండగానే కన్నుమూస్తే, ఉపసభాపతిగా ఉన్న మాడభూషి అనంతశయనం అయ్యంగార్ గారు ఆ బాధ్యతను అందుకుని తర్వాత సభాపతి అయ్యారు. 2002 మార్చి 3న కైకలూరు దగ్గర హెలికాప్టర్ ప్రమాదంలో లోక్‌సభాపతి బాలయోగి గారిని పోగొట్టుకున్న రోజు మనలో చాలామందికి ఇంకా కళ్లముందే ఉంది. అప్పుడు ఉపసభాపతి పి.ఎం. సయీద్ గారు. ఆయన లక్షద్వీప్ నుంచి గెలిచిన కాంగ్రెస్ సభ్యుడు. అంటే ప్రతిపక్షం మనిషి. ఆ దుఃఖంలో సభను నడిపిందీ, మార్చి 26న ఉగ్రవాద నిరోధక బిల్లు కోసం జరిగిన ఉభయసభల సంయుక్త సమావేశానికి అధ్యక్షత వహించిందీ ఆయనే. అంతటి వివాదాస్పదమైన బిల్లును ప్రభుత్వం ప్రతిపక్ష సభ్యుడి అధ్యక్షతన ప్రవేశపెట్టి నెగ్గించుకుంది. ఆకాశమేమీ విరిగి పడలేదు. మూడోది మన శాసనసభదే. 2010 నవంబరులో సభాపతి కిరణ్‌కుమార్ రెడ్డి గారు ముఖ్యమంత్రి అయితే, 2011 జూన్‌లో తానే సభాపతిగా ఎన్నికయ్యే వరకూ ఉపసభాపతి నాదెండ్ల మనోహర్ గారే సభ బాధ్యత మోశారు. అవసరం చెప్పిరాదు. వచ్చిన రోజున ఆ కుర్చీలో ఉన్న మనిషిపై సభకు నమ్మకం ఉండాలి. ఆ నమ్మకాన్ని అప్పటికప్పుడు తయారుచేసుకోలేం.

ఇప్పుడు మన నేలకు చాలా దూరంలో ఉన్న ఒక సభ సంగతి చెప్పాలి. గరివిడి దగ్గరి పల్లె నుంచి వచ్చి నా దగ్గర చదువుకున్న అమ్మాయి ఒకరు ఎడిన్‌బరోలో నర్సుగా పనిచేస్తోంది. ఒక సెలవు రోజున స్కాట్లాండ్ పార్లమెంటు చూడడానికి వెళ్లి, సందర్శకుల గ్యాలరీలో గంటసేపు కూర్చుని, ఆ రాత్రే నాకు ఫోన్ చేసింది. సభ్యుల బల్లలు అర్ధచంద్రాకారంలో ఉన్నాయనీ, ఎదురుగా పెట్టిన వెండి దండం మీద వివేకం, న్యాయం, కరుణ, నిజాయతీ అన్న అర్థం వచ్చే నాలుగు మాటలు చెక్కి ఉన్నాయనీ చెప్పింది. చివర్లో, "మాస్టారూ, ఇక్కడ అధ్యక్షుణ్ణే కాదు, డిప్యూటీలను కూడా పోటీ పెట్టి, చీటీలు వేసి ఎన్నుకుంటారట. మీరు మాకు క్లాసులో చేయించింది ఇదే కదా?" అంది. క్లాసు సంగతి తర్వాత చెబుతాను. ఆ ఫోన్ వచ్చాక నేను ఆ సభ నియమాలు కుదురుగా కూర్చుని చదివాను.

అది మన శాసనసభ లాంటిదే, కానీ పుట్టుక వేరు. బ్రిటన్ పార్లమెంటు తన అధికారాలలో కొన్నింటిని బదలాయించగా ఏర్పడిన సభ అది. 1997 సెప్టెంబరులో స్కాట్లాండ్ ప్రజలు ఓటు వేసి కోరుకున్నారు, 1998లో చట్టం వచ్చింది, 1999 మే 12న సభ తొలిసారి కూర్చుంది. సభ్యులు 129 మంది. మనం సభాపతి అనే స్థానాన్ని వాళ్లు ప్రిసైడింగ్ ఆఫీసర్ అంటారు. ఆయనకు ఇద్దరు డిప్యూటీలు. అభ్యర్థి పేరును ఒక సభ్యుడు ప్రతిపాదించి మరొకరు బలపరచాలి, ఓటు రహస్య బ్యాలెట్‌లో వేయాలి. పోలైన ఓట్లలో సగానికి మించి ఎవరికీ రాకపోతే అందరికన్నా తక్కువ వచ్చినవారిని తప్పించి మళ్లీ ఓటు వేస్తారు. ఎవరో ఒకరికి సగానికి మించి వచ్చేదాకా అలాగే సాగుతుంది. ఈ ముగ్గురూ ఒకే పార్టీకి చెందినవారు కాకుండా నియమాలు ఉండాలని ఆ చట్టమే చెబుతోంది. ప్రిసైడింగ్ ఆఫీసర్ తన పార్టీ సభ్యత్వాన్ని వదులుకుంటారు. డిప్యూటీలు పార్టీలో ఉండవచ్చు, అధ్యక్ష స్థానంలో లేనప్పుడు మామూలు సభ్యుల్లాగే ఓటు వేయవచ్చు. మన సభకు ఈ ఏర్పాటు బాగా నప్పుతుందని నా అభిప్రాయం. ఎందుకంటే మన దగ్గర ఒక సభ్యుణ్ణి అయిదేళ్లపాటు తన నియోజకవర్గం తరఫున నోరు మెదపవద్దంటే ఓటర్లు ఊరుకోరు, ఊరుకోవలసిన అవసరం కూడా లేదు.

1999లో తొలి డిప్యూటీలుగా గెలిచినవారు జార్జ్ రీడ్, పట్రీషియా ఫెర్గూసన్. రీడ్ అప్పటి ప్రతిపక్షమైన స్కాటిష్ నేషనల్ పార్టీ సభ్యుడు, ఫెర్గూసన్ అధికారంలో ఉన్న లేబర్ సభ్యురాలు. నాలుగేళ్లు సభను నడిపి చూపించిన రీడ్‌ను 2003లో ప్రిసైడింగ్ ఆఫీసర్‌గానే ఎన్నుకున్నారు. మన అయ్యంగార్ గారి దారే అది. 2021లో డిప్యూటీగా గెలిచిన ఇద్దరిలో ఒకరైన లియమ్ మెకార్థర్ ఉత్తర కొసన సముద్రంలో ఉన్న ఆర్క్నీ దీవుల సభ్యుడు. ఆయన పార్టీకి ఆ సభలో ఉన్న బలం చాలా చిన్నది. అయినా పార్టీ బలంతో పని లేకుండా, మనిషిని చూసి సభ్యులు ఓటు వేశారు. ఇచ్ఛాపురం నుంచో, పాతపట్నం నుంచో గెలిచిన సభ్యుడు మన సభలో అలా నిలబడి అడిగితే బాగుండునని నాకు అనిపించింది.

నన్ను అన్నిటికన్నా ఎక్కువ ఆకట్టుకున్న సంగతి ఇంకొకటి ఉంది. 2021లో ప్రిసైడింగ్ ఆఫీసర్ పదవికి ఆలిసన్ జాన్‌స్టోన్ ఒక్కరే అభ్యర్థి. మన దగ్గరైతే ఆ క్షణమే ఏకగ్రీవమని ప్రకటించి చప్పట్లు కొట్టేవాళ్లం. వాళ్లు అలా చేయలేదు. ఒక్కరే ఉన్నా సభ ఆమెను కోరుకుంటోందో లేదో తేలాలని రహస్య ఓటింగ్ జరిపారు. 97 మంది అనుకూలంగా, 28 మంది వ్యతిరేకంగా ఓటు వేశారు. ఆ 28 మంది ఎవరో ఆమెకు తెలియదు, తెలుసుకోవలసిన పనీ లేదు. గెలిచానన్న ధైర్యంతో పాటు, ఇంకా నమ్మకం సంపాదించుకోవలసినవాళ్లు ఇంతమంది ఉన్నారన్న ఎరుకతో కూడా ఆమె ఆ కుర్చీ ఎక్కారు. గంటస్తంభం దగ్గర ఆ పెద్దాయన అడిగిన ప్రశ్నకు నాకు జవాబు దొరికింది ఇక్కడే. నామినేషన్ ఒక్కటే రావడంలో తప్పు లేదు. ఒక్కటే వచ్చింది కాబట్టి సభను అడగనక్కర్లేదనుకోవడమే తప్పు.

వేల్స్ శాసనసభ, అంటే సెనెడ్, ఇంకో అడుగు ముందుకు వేసింది. అక్కడ అధ్యక్ష స్థానంలో ఉన్నవారూ, వారి డిప్యూటీ ఒకే రాజకీయ పక్షానికి చెందకూడదని చట్టంలోనే ఉంది. 2016లో ప్రతిపక్షమైన ప్లైడ్ కమ్రీ సభ్యురాలు ఎలిన్ జోన్స్ అధ్యక్ష స్థానానికి గెలిచారు. దాంతో డిప్యూటీ స్థానం వేరే పక్షానికి వెళ్లాలి. ఆ స్థానానికి ఆన్ జోన్స్, జాన్ గ్రిఫిత్స్ పోటీపడ్డారు. ఇద్దరూ అధికార లేబర్ పార్టీ వారే. ఒకే పార్టీ సభ్యులు ఇద్దరు ఒక పదవికి బహిరంగంగా పోటీపడి, రహస్య బ్యాలెట్‌లో ఒకరు గెలిచి ఒకరు ఓడిపోతే, దాన్ని ఎవరూ తిరుగుబాటు అనలేదు. ఆన్ జోన్స్ గెలిచారు. 2021లో డేవిడ్ రీస్, హెఫిన్ డేవిడ్ కూడా అలాగే ఒకే పార్టీ నుంచి పోటీపడ్డారు. మన పార్టీలలో ఇది ఊహకైనా అందుతుందా అని అడిగేవారికి, ఊహకు అందేలా చేసుకోవాలన్నదే నా జవాబు.

ఇక మా క్లాసు సంగతి. చాలా ఏళ్ల కిందట తొమ్మిదో తరగతి పిల్లలతో నమూనా శాసనసభ పెట్టాను. నలభై ఇద్దరు పిల్లలు. సభాపతిగా లీడరును అందరూ చేతులెత్తి ఒప్పుకున్నారు. డిప్యూటీకి మాత్రం నలుగురు లేచారు. అప్పటికి నాకు స్కాట్లాండ్ నియమాల గురించి ఏమీ తెలియదు. తక్కువ వచ్చినవాళ్లను తప్పించుకుంటూ పోతే చివరికి ఎక్కువమంది ఒప్పుకున్నవాళ్లు మిగులుతారన్న మామూలు ఆలోచనతోనే మొదలుపెట్టాను. ఒక్కొక్కరికి రెండు నిమిషాలు మాట్లాడే అవకాశం ఇచ్చాను. ఖాళీ సుద్దముక్కల పెట్టెకు మూతలో గాటు పెట్టి, నోటుపుస్తకం కాగితాలు చింపి చీటీలు చేశాం. మొదటిసారి పద్నాలుగు, పన్నెండు, తొమ్మిది, ఏడు వచ్చాయి. ఏడు వచ్చినతన్ని తప్పించాం. రెండోసారి పన్నెండు వచ్చిన అమ్మాయికి పదిహేడు, మొదటివాడికి పదహారు, మూడో అబ్బాయికి అవే తొమ్మిది వచ్చాయి. మూడోసారి ఆ అమ్మాయి ఇరవై మూడు ఓట్లతో గెలిచింది. తన రెండు నిమిషాల్లో ఆమె అన్న మాట ఇప్పటికీ మరువలేదు. "గొడవ సేసేవాళ్లలో సగం మంది నా నేస్తాలే. గంట కొట్టినప్పుడు మాత్రం నేస్తమని సూడను" అంది.

గంట అంటే అసలు గంట కాదు, స్టీలు గ్లాసూ చెంచా. వారం తిరగకముందే సభాపతి కుర్రాడికి జ్వరం వచ్చింది. ఆ రోజు బల్ల దగ్గర ఈ అమ్మాయే కూర్చుంది. బడికి మంచినీళ్ల కుళాయి కావాలన్న తీర్మానం మీద ఆమె ప్రాణస్నేహితురాలే ఇచ్చిన సమయం దాటి మాట్లాడుతోంది. అమ్మాయి చెంచా ఎత్తి పట్టుకుంది, ఒక్క క్షణం తటపటాయించింది, గ్లాసు మీద మూడుసార్లు కొట్టింది. స్నేహితురాలు చురచురా చూసి కూర్చుంది. రెండు రోజులు ఆ ఇద్దరికీ మాటల్లేవు. మూడో రోజు కలిసే అన్నం తిన్నారు. మొదటిసారే తప్పుకున్న అబ్బాయిని, ఓడిపోయినందుకు కష్టంగా ఉందా అని తర్వాత అడిగాను. "ఆ ఏడూ ఎవులేసినారో తెలీదు గదా సార్, అందరూ ఏసినారనే అనుకుంటాను" అన్నాడు. రహస్య బ్యాలెట్ వల్ల ఓడినవాడికి కలిగే మేలును ఇంతకన్నా బాగా ఎవరూ నాకు చెప్పలేదు. ఎడిన్‌బరో నుంచి ఫోన్ చేసిన నర్సు ఆ రోజు సమయం దాటి మాట్లాడిన స్నేహితురాలే.

నా ప్రతిపాదనకు ఎదురయ్యే అభ్యంతరాలు నాకు తెలుసు. అన్నిటికన్నా బరువైనది రహస్య ఓటు వల్ల బేరసారాలు పెరుగుతాయన్నది. దాన్ని తేలిగ్గా తోసేయలేను. రాజ్యసభ ఎన్నికల్లో డబ్బు ప్రభావం పెరిగిందనే 2003లో బహిరంగ ఓటు విధానం తెచ్చారు. అయితే అక్కడ దక్కేది ఆరేళ్ల పార్లమెంటు సభ్యత్వం. ఇక్కడ ఎన్నుకునేది సభా మర్యాదను కాపాడే మనిషిని. బడ్జెట్టూ, కాంట్రాక్టూ, బదిలీల మీద పెత్తనమూ ఏదీ ఆ కుర్చీకి లేదు. రాష్ట్రపతినీ, ఉపరాష్ట్రపతినీ మన ప్రజాప్రతినిధులు ఈనాటికీ రహస్య బ్యాలెట్‌తోనే ఎన్నుకుంటున్నారు. ఆ ఓటుకు తగిన వివేకం ఉన్న సభ్యులకు తమ సభను నడిపే మనిషిని ఎంచుకునే వివేకం లేదనడం వారిని తక్కువ చేయడమే అవుతుంది. అందరి ముందూ చేయి ఎత్తవలసి వస్తే విప్‌ను కాదని ఓటు వేసే సభ్యుడు ఉండడు, ఫిరాయింపుల చట్టం భయం అతన్ని వేయనివ్వదు. కనుక రహస్యం లేకపోతే ఎన్నిక పేరుకే మిగులుతుంది.

ప్రతిపక్షానికి బలం లేనప్పుడు ఆ పదవి వారికెలా ఇస్తారన్నది రెండో ప్రశ్న. 175 మంది సభలో ప్రతిపక్షం 2019లో ఇరవై పైచిలుకు, 2024లో పదకొండు మందికి తగ్గిపోయింది. నిజమే. కానీ నేను పదవిని ప్రతిపక్షానికి దానం చేయమనడం లేదు. సభాపతీ, ఉపసభాపతీ ఒకే పార్టీ వారు కాకూడదన్న నియమం చాలు. సంకీర్ణ ప్రభుత్వం ఉన్నప్పుడు మిత్రపక్షం సభ్యుడు కావచ్చు, ప్రతిపక్ష సభ్యుడు కావచ్చు, స్వతంత్రుడు కావచ్చు. ఎవరు కావాలో అధిక సంఖ్యాకులే తేలుస్తారు. చిన్న ప్రతిపక్షం సభను బహిష్కరించి బయట కూర్చునే అలవాటుకు కూడా ఇది కొంత మందు అవుతుందని నా నమ్మకం. తమలో ఒకరు ఆ కుర్చీ ఎక్కే అవకాశం ఉంటే లోపలే ఉండడానికి వారికి ఒక కారణం దొరుకుతుంది.

దీనికి రాజ్యాంగ సవరణ అక్కర్లేదు. 208వ అధికరణం ప్రకారం శాసనసభ తన కార్యవిధాన నియమాలను తానే చేసుకోవచ్చు. ఎన్నిక తేదీని కనీసం వారం ముందు ప్రకటించడం, అభ్యర్థులందరికీ సభలో మాట్లాడే సమయం ఇవ్వడం, ఒక్కరే ఉన్నా రహస్య బ్యాలెట్ జరపడం, కొత్త సభ తొలి సమావేశాలు ముగిసేలోగా ఉపసభాపతి ఎన్నిక పూర్తిచేయడం నియమాల సవరణతోనే సాధ్యమవుతాయి. పార్టీ నుంచి విడివడే దారి కూడా రాజ్యాంగం ఇదివరకే తెరిచి ఉంచింది. 1985లో వచ్చిన పదో షెడ్యూలు, అంటే ఫిరాయింపుల చట్టం, సభాపతిగా గానీ ఉపసభాపతిగా గానీ ఎన్నికైనవారు ఆ కారణంతో పార్టీ సభ్యత్వం వదులుకుని, పదవిలో ఉన్నంతకాలం తిరిగి ఏ పార్టీలోనూ చేరకపోతే అనర్హత వర్తించదని స్పష్టంగా చెబుతోంది. అంతకు చాలా ముందే, 1967లో లోక్‌సభాపతి అయినప్పుడు నీలం సంజీవరెడ్డి గారు తనంతట తానే పార్టీకి రాజీనామా చేశారు.

మన రెండు జిల్లాల శాసనసభ్యులు ఏ పార్టీ వారైనా సరే, వచ్చే సమావేశాల్లో ఈ నియమాల సవరణకు నోటీసు ఇవ్వవలసిందిగా కోరుతున్నాను. ఇవ్వలేకపోతే ఎందుకు ఇవ్వలేరో ఈ పత్రికలోనే రాయాలని కూడా వినయంగా అడుగుతున్నాను. సభ ఎప్పుడు ఉపసభాపతిని ఎన్నుకోబోయినా, ఈ ఎచ్చెర్ల, బొబ్బిలి, పలాస, చీపురుపల్లి ప్రాంతాల నుంచి ఎన్నికైన ఒక్క సభ్యుడైనా లేచి, పార్టీ పంపింది కాబట్టి వచ్చానని కాకుండా, ఈ పని చేయగలను కాబట్టి అడుగుతున్నానని చెప్పాలి. ఆ రోజు ముందుగా తెలిస్తే పాసు సంపాదించుకుని, వెలగపూడి దాకా వచ్చి గ్యాలరీలో కూర్చుంటాను. గంటస్తంభం దగ్గరి ఆ పెద్దాయన ఓపిక చేసుకుంటే ఆయన్నీ తీసుకువస్తాను.

ఇట్లు
ఒక విశ్రాంత సాంఘికశాస్త్ర ఉపాధ్యాయుడు
విజయనగరం